మూడో మాట దగ్గర ఆగిన మనిషి

కిందాయన పోయారు.

పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే, ఆంటీ. ఏ బాధా పడలేదు" అంది. నేను ఫోన్ పెట్టేసి, "ఏవండీ, కిందాయన పోయారట" అని కేకేశాను. మావారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని "అయ్యో" అన్నారు తప్ప, ఎవరని అడగలేదు. మేము ఆ ఇంటి పైవాటా ఖాళీ చేసి పిస్కాటవేలో సొంత ఇంటికి వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా పోయింది. ఇప్పుడు మా కింద బేస్‌మెంటూ, అందులో పాత సూట్‌కేసులూ తప్ప ఎవరూ లేరు. అయినా మా ఇంట్లో కిందాయన అంటే ఆయనే.

డెబ్భైల చివర్లో మావారికి న్యూజెర్సీలో మందుల కంపెనీలో ఉద్యోగం వస్తే, హైలాండ్ పార్క్‌లో ఆ ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటివాళ్ళు, పైన మేము, మధ్యలో కిర్రుమనే చెక్కమెట్లు. ఆయనకి అప్పటికే యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, నెత్తిన చిన్న నల్ల టోపీతో, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగుతో ఉండేవారు. యూదులు. దుకాణాలకి బోర్డులు రాయడం ఆయన వృత్తి. మా వీధి చివర రొట్టెల కొట్టు బోర్డూ, చెప్పులు బాగుచేసే షాపు బోర్డూ, మంగలి షాపు అద్దం మీద బంగారు అక్షరాలూ అన్నీ ఆయన చేతివే.

అక్షరాలంటే ఆయనకి పిచ్చి. మర్యాదకి కార్లో ఎక్కించుకున్నామా, ఇక అయిపోయామే! దారిపొడుగునా ఒక్క బోర్డునీ వదిలేవారు కాదు. "ఆ ఆర్ చూడు, కుంటుతోంది. ఆ ఎస్‌కి కడుపునొప్పి. ఎవరు రాశారో గాని ఆ రాసినవాడికి అన్నం పెట్టినవాళ్ళు లేరు." కూర్చున్నచోట కూర్చోకుండా చూపుడువేలితో గాల్లోనో, టేబుల్ మీదో, ఆఖరికి తన మోకాలి మీదో ఏదో రాస్తూనే ఉండేవారు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో అందరూ మా ఇంటిపేరుని సగానికి కోసేవాళ్ళు. ఈయన మాత్రం మా లెటర్‌బాక్స్ చిన్నదైపోయిందని పొడుగుది ఇంకోటి కొనుక్కొచ్చి మరీ, ఒక్క అక్షరం తగ్గకుండా రాసిపెట్టారు. "అక్షరానికి ఊపిరాడాలి, యంగ్ లేడీ. పక్కదానికి తగిలిందా, రెండూ చస్తాయి" అన్నారు. నన్ను ఎప్పుడూ యంగ్ లేడీ అనే పిలిచేవారు. ఆ పిలుపు ఇంకెవరైనా పిలిస్తే ఒళ్ళు మండేది, ఆయన పిలిస్తే బాగుండేది.

అలాంటిది, ఒకరోజు కిందావిడ, అంటే ఆయన భార్య, బట్టల బుట్ట చంకన పెట్టుకుని పైకొచ్చి, "విన్నావా? మా మహానుభావుడు ఈ వయసులో బళ్ళో చేరతాట్ట" అంది. ఆవిడ పొట్టిగా, గట్టిగా, నాలాగే నోరున్న మనిషి. మా ఇద్దరికీ అందుకే పడింది.

సంగతేమిటంటే, వాళ్ళ గుళ్ళో విగ్రహం ఉండదు. ఉండేది ఒక పెద్ద చుట్ట. దూడచర్మం మీద, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఈకతో, సిరాతో చేత్తో రాసిన వాళ్ళ వేదం, తోరా. అచ్చు వేసింది గుళ్ళో చదవడానికి పనికిరాదు. రాసేవాడు పద్ధతి ప్రకారం నేర్చుకున్నవాడై ఉండాలి. వీళ్ళ గుడి చాలా చిన్నది. అందులో ఉన్న చుట్ట యూరప్ నుంచి ఎవరి పెట్టెలోనో వచ్చిందట. ముసలిదైపోయి అక్షరాలు పెచ్చులూడుతున్నాయి. ఒక్క అక్షరం పగిలినా చదవకూడదట. వేరే గుడి వాళ్ళది తెచ్చుకుని చదువుకుంటున్నారు, వాళ్ళేమో మాది మాకు ఇచ్చెయ్యండి అంటున్నారు. ఇటు చూస్తే బోర్డుల పని తగ్గిపోయింది. మిషన్లో కోసిన ప్లాస్టిక్ అక్షరాలు అతికించేస్తున్నారు. ఈయన గుళ్ళో లేచి, "నేను నేర్చుకుంటాను, నేను రాస్తాను" అనేశారట.

"అన్నవాడు అన్నాడు, వాళ్ళు ఊరుకోవద్దూ! చప్పట్లు కొట్టారు" అని తలకొట్టుకుంది ఆవిడ.

గురువుగారు బ్రూక్లిన్‌లో. పోలాండ్ నుంచి వచ్చిన ముసలాయన. కిందాయన వారానికోసారి బస్సూ రైలూ మారి వెళ్ళొచ్చేవారు. నెలల తరబడి ఒక్క గీతే గీయించాడట ఆ ముసలాయన. చెయ్యి తిరిగిన పనివాడు, ఊరంతా బోర్డులు రాసినవాడు, తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని, "ఇవాళ కూడా గీతే. అదీ బాగాలేదట" అని పకపకా నవ్వేవారు. టర్కీ కోడి ఈక ముక్కు ఎలా కొయ్యాలో నేర్చుకున్నారు. ఇంటి వెనక అద్దాల గదిలో బల్ల వేసుకున్నారు. గ్యారేజీలో పాత గిన్నెలో సిరా కాచేవారు. ఆ వాసనకి నాకు తలనొప్పి వచ్చేది. చర్మం మీద సిరా లేకుండా మొనతో నొక్కి గీతలు గీసి, ఆ గీతకి కింద అక్షరాన్ని వేలాడదీసి రాయాలి, దండెం మీద బట్టలు ఆరేసినట్టు. ప్రతి మాటా ముందు పైకి పలికి, ఆ తర్వాతే రాయాలి. మా వంటింట్లోకి ఆ గొణుగుడు వినిపిస్తూ ఉండేది.

మొదట రాయించేది వాళ్ళ గ్రంథాల్లోని ఎస్తేరు రాణి కథట. ఎందుకో చెప్పారు ఆయన. "ఆ పుస్తకం మొత్తంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. తప్పు రాస్తే కత్తితో గీకేసి మళ్ళీ రాసుకోవచ్చు. అందుకని నేర్చుకునేవాళ్ళకి అది." మరి దేవుడి పేరు దగ్గర తప్పు వస్తేనో? గీకకూడదు, కొట్టెయ్యకూడదు. ఆ చర్మం మొత్తాన్ని తీసుకెళ్ళి, మనిషిని పూడ్చినట్టు శ్మశానంలో పూడ్చిపెట్టాలి. ఆ పేరు రాసేటప్పుడు సాక్షాత్తూ రాజే వచ్చి పలకరించినా పలకకూడదట. ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది.

ఎస్తేరు కథ రాశారు. ఎంత బాగుందంటే వాళ్ళ పండక్కి అందులోంచే చదివారు. గురువుగారు, సరే ఇక తోరా మొదటి పుట రాసి చూపించమన్నాడు. ఈయన ఇంకో ఎస్తేరు కథ రాశారు. ఆ తర్వాత ఇంకోటి. ఊళ్ళో ఉన్న గుళ్ళన్నింటికీ ఎస్తేరు రాణి వచ్చేసింది గాని, తోరా మాత్రం కదల్లేదు.

ఒకసారి నాకు విసుగు పుట్టి అడిగేశాను. "ఏమిటండీ ఇది? ఎన్నాళ్ళు రాస్తారు ఆ రాణిగారి కథ?"

ఆయన నన్ను అద్దాల గదిలోకి తీసుకెళ్ళి, బల్ల మీద గుడ్డ తీసి చూపించారు. గీతలు గీసిన పెద్ద చర్మం. కుడివైపు పైన రెండే రెండు మాటలు. మిగతాదంతా ఖాళీ.

"ఆదిలో, సృష్టించెను" అని ఆ రెండు మాటల మీదా వేలు గాల్లో ఆడించి చెప్పారు. "మా భాషలో ఆ వరసలో వస్తాయి. మూడో మాట దేవుడు."

అంటే, పుస్తకం మొదలుపెట్టగానే మూడో మాటే ఆయన పేరు! గండం గుమ్మంలోనే ఉంది. ఈ రెండు మాటలూ రాసి ఈకని కింద పెట్టేసి కూర్చున్నారు, అదీ నెలల తరబడి. కూర్చున్నారు అనడం కూడా తప్పే. కూర్చోకుండా ఉండటానికి వంద సాకులు వెతుక్కునేవారు. ఎవరు తలుపు తట్టినా, కొట్టీ కొట్టకముందే "వస్తున్నా, వస్తున్నా" అని పరిగెత్తుకొచ్చేవారు. పోస్ట్‌మ్యాన్‌తో అరగంట మాట్లాడేవారు. మా ఇంట్లో బల్బు పోతే నిచ్చెన వేసుకుని వచ్చేసేవారు. అంత మంచి ఇంటి ఓనరు అమెరికా మొత్తంలో ఉండి ఉండడు. పాపం, అది మంచితనం కాదు, భయం. నాకు ఆయన్ని చూస్తే జాలీ వేసేది, చిరాకూ వేసేది.

ఆ చలికాలంలో ఏలూరు నుంచి మా అత్తయ్య వచ్చింది.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, కానీ దానివల్ల ఆవిడకి ఏ ఇబ్బందీ కలగలేదు, అవతలివాళ్ళకే కలిగేది. గుమ్మంలో కనబడిన ప్రతివాళ్ళతోనూ తెలుగులోనే మాట్లాడేది. నేను "అత్తయ్యా" అని పిలవడం విని, అదే ఆవిడ పేరనుకుని కిందాయన "మిసెస్ అత్తయ్యా" అనేవారు. ఆవిడ "ఓయ్" అనేది. గ్యారేజీలో సిరా కాస్తుంటే ఒకరోజు వాసన పట్టుకుని దిగి వెళ్ళి, ఆయన చేతిలోని కాయ లాక్కుని చూసి, "ఏవిటే అమ్మాయ్, ఇది మాచికాయ! పసిపిల్లలకి అరగదీసి నాకిస్తాం కదూ. అన్నభేది కూడా వేశాడా? మా తాతగారు కరక్కాయతో ఇట్లాగే కాచేవారు సిరా" అని పొంగిపోయింది. వాళ్ళింట్లో పాలకి వేరే గిన్నెలూ, మాంసానికి వేరే గిన్నెలూ ఉంటాయనీ, మనింట్లో వండింది తినరనీ నేను బెరుగ్గా చెబితే, అత్తయ్య ఏమాత్రం నొచ్చుకోలేదు. "మడి కాబోలు. మంచిదే" అని, ఇక నుంచి పళ్ళే పంపించమంది. దూడచర్మం సంగతి మాత్రం దాచాలని చూశాను. దాగలేదు. విని, "మృదంగం మాత్రం దేంతో చేస్తారే?" అంది. దాంతో ఆ విషయం అయిపోయింది.

ఆవిడ తనతో రామకోటి పుస్తకాలు తెచ్చుకుంది. గళ్ళు గీసిన పుస్తకాల్లో శ్రీరామ, శ్రీరామ అని కోటిసార్లు రాయాలని ఆవిడ మొక్కు. ఎప్పుడు పడితే అప్పుడు రాసేది. టీవీలో అర్థంకాని సీరియల్ చూస్తూ రాసేది. నాతో చుట్టాల సంగతులు మాట్లాడుతూ రాసేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే "అమ్మాయ్, పాలు!" అని అరుస్తూ కూడా రాసేది.

ఇంతలో బ్రూక్లిన్ నుంచి కబురొచ్చింది. గురువుగారు జెరూసలేంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట, మళ్ళీ రారు. వాళ్ళ వసంత కాలపు పండగ, పాసోవర్, అక్కడే చేసుకోవాలని ముందే ప్రయాణం. ఆలోగా మొదటి పుట పూర్తిగా రాసి తెస్తే చూస్తాను, లేకపోతే లేదు అన్నాడట. ఆయన సరే అంటే గాని గుడి వాళ్ళు తోరా రాయనివ్వరు. ఇంకో గురువు దగ్గర మళ్ళీ మొదటి గీత నుంచి నేర్చుకునే ఓపికా వయసూ ఈయనకి లేవు. కిందావిడ పండగ కోసం ఇల్లంతా కడుగుతూ, రొట్టె ముక్క ఎక్కడైనా ఉందేమోనని సోఫా సందులు వెతుకుతూ, నాతో గొంతు తగ్గించి చెప్పింది. "ఇప్పుడు రాయకపోతే ఈ మనిషి ఇంక బతికినన్నాళ్ళూ రాయడు. రాయకపోతే బతికినన్నాళ్ళూ ఏడుస్తాడు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

అదే వారం మా వంటింటి కుళాయి కారుతోందని ఆయనే కనిపెట్టి, పనిముట్ల పెట్టె పట్టుకుని పైకి వచ్చేశారు. నేను చెప్పనే లేదు! డైనింగ్ టేబుల్ దగ్గర అత్తయ్య రామకోటి రాసుకుంటోంది. ఆయన ఆగి, ఆవిడ చేతినే చూస్తూ నిలబడ్డారు.

"ఏం రాస్తున్నారు ఆవిడ?"

"దేవుడి పేరండీ" అన్నాను.

"అదంతానా?"

"ఆ పుస్తకమంతా. అలాంటివి ఇంకా పెట్టెలో ఉన్నాయి. కోటిసార్లు రాయాలి."

ఆయన పనిముట్ల పెట్టె నేల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆవిడకి భయం వెయ్యదా? అడుగు" అన్నారు.

అడిగాను. అత్తయ్య పెన్ను ఆపకుండానే, "భయవా? ఎందుకే? భయం వేసినప్పుడు పిలుచుకునే పేరది. ఆ పేరంటేనే భయవేవిటి, చోద్యం కాకపోతే!" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. "తప్పు వస్తే ఏం చేస్తారు?" అన్నారు.

"పెన్ను జారితే కొట్టేసి పక్కన మళ్ళీ రాస్తాను."

"పేరుని కొట్టేస్తుందా!" ఆయన నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. అత్తయ్యకి ఆయన మొహం చూసి సంగతి అర్థమైంది. వాళ్ళ పద్ధతేమిటో చెప్పమంది. గీకకూడదు, పూడ్చాలి అని నేను చెబితే బుద్ధిగా వింది. "బాగుంది. మేమూ పారెయ్యం, భద్రాచలం పంపిస్తాం. వాళ్ళది ఇంకా పట్టింపు, అంతే. మరి ఈయన ఎక్కడిదాకా రాశాడు?"

మూడో మాట కథ చెప్పాను. నేనెంత వేళాకోళంగా చెప్పినా, అత్తయ్యకి నవ్వు రాలేదు. మొదటిసారి పెన్ను కింద పెట్టింది.

"అయ్యో, అదేవిటే! అయితే దేవుణ్ణి గుమ్మం దాకా పిలిచి, అక్కడే నిలబెట్టేశాడన్నమాట. ఎన్నాళ్ళ నుంచి? పాపం, ఎంతసేపు నిలబడతాడే ఆయన మాత్రం? లోపలికి రమ్మనమని చెప్పు."

ఇది ఇంగ్లీషులో ఎలా చెప్పానో నాకే తెలీదు, తప్పులతడకగా ఏదో చెప్పాను. ఆయన ముందు నవ్వారు. తర్వాత ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. లేచి, "థాంక్యూ, మిసెస్ అత్తయ్యా" అని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. పనిముట్ల పెట్టె మా వంటింట్లోనే ఉండిపోయింది. కుళాయి కారుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే తెల్లవారకుండా కారు స్టార్ట్ అయిన చప్పుడు విన్నాను. స్నానానికట. ఆ పేరు రాసేరోజు వాళ్ళ పద్ధతిలో నీళ్ళలో మునిగి రావాలి. తొమ్మిదింటికి నేను పెట్టె తిరిగి ఇద్దామని కిందికి దిగి తలుపు తట్టాను. పలుకు లేదు. ఇంకోసారి తట్టాను. "వస్తున్నా" లేదు, అడుగుల చప్పుడు లేదు. ఏమైందో ఏమిటోనని మూడోసారి గట్టిగా తట్టబోతుంటే, కిందావిడ పక్క గుమ్మంలోంచి నా చెయ్యి పట్టుకుని లాగింది. నోటి మీద వేలు పెట్టుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది. లోపల్నుంచి గొణుగుడు వినిపించింది. ఆ తర్వాత గొణుగుడు కూడా ఆగి, ఏమీ వినిపించలేదు. ఆ వారమంతా మేము ఆ మెట్ల మీద పిల్లుల్లా నడిచాం. అత్తయ్య అయితే ఫోన్లో కూడా గుసగుసలాడింది.

అక్కడితో కథ సుఖంగా అయిపోయిందని అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన పైకి వచ్చి, తలుపు కొట్టకుండా మా చివరి మెట్టు మీద కూర్చున్నారు. నేను చూసేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందండీ అని అడిగాను. పుట దాదాపు అయిపోయిందట, ఇంక నాలుగు వరసలే ఉన్నాయట, ఆ పేరు పుటంతా మళ్ళీ మళ్ళీ వస్తుందట. "పేరు రాశాను. చాలా బాగా వచ్చింది. అంత బాగా ఎప్పుడూ రాలేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే..." అని ఆగి, రెండు వేళ్ళు చూపించారు. "మళ్ళీ రాశాను. పక్కనే. ఒకసారి ఉండాల్సిన చోట రెండుసార్లు."

రాయలేక రాయలేక ఏళ్ళు గడిపిన మనిషి, చెయ్యి తిరిగేసరికి ఆపలేకపోయాడు! నేను అత్తయ్యకి చెప్పాను. అత్తయ్య "రెండుసార్లా!" అని నవ్వబోయి, ఆయన్ని చూసి ఆపుకుంది. "నా రామకోటి గాలి సోకినట్టుంది నాయనా" అంది. ఇది నేను అనువదించలేదు.

పరిస్థితి ఇదీ. ఎక్కువైన పేరుని ఉంచకూడదు, గీకకూడదు. పుట మొత్తం పోయినట్టే. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా వాళ్ళకి విశ్రాంతి దినం, ఈక ముట్టకూడదు. ఆదివారం మధ్యాహ్నం గురువుగారిని కలవాలి. సోమవారం ఆయన విమానం. ఇంకో పుట రాసే టైము లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చర్మమే కదండీ, కత్తి పెట్టి రెండోది గీకెయ్యండి. ఆ ముసలాయన కళ్ళకి కనిపిస్తుందా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఎవరికీ తెలీదు" అన్నారు ఆయన. "బాగా గీకితే ఆయనకి కూడా తెలీదు. ఈ పని అంతా ఇలాంటిదే, యంగ్ లేడీ. నేను పలికి రాశానా, పలక్కుండా రాశానా, ఎవరు చూడొచ్చారు?"

అత్తయ్య నన్ను కసిరింది. "నీకెందుకే? నేను కొట్టేసుకుంటాను, అది నా లెక్క. ఆయన లెక్క ఆయనది. అలాంటి సలహాలు ఇవ్వకు."

ఆదివారం వాళ్ళ కారు మొరాయించింది. మావారు ఏదో కాన్ఫరెన్స్‌కి వెళ్ళారు. నాకు లైసెన్స్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, న్యూయార్క్‌లో ఎప్పుడూ నడపలేదు. అయినా నేనే డ్రైవ్ చేస్తానన్నాను. పక్క సీట్లో ఆయన, ఒళ్ళో చుట్టిన చర్మం. వెనక కిందావిడా, ఎవరెంత వద్దన్నా వినకుండా స్వెట్టరూ మఫ్లరూ వేసుకుని ఎక్కేసిన అత్తయ్యా. దారంతా ఆయన ఒక్క బోర్డు చదవలేదు. బ్రిడ్జి మీద నేను లేన్ మారుతుంటే వెనకాల లారీవాడు హారన్ మోగించాడు, దానికీ ఉలకలేదు.

"ఎందుకు వెళ్తున్నారు మరి, చూపించడానికి ఏమీ లేనప్పుడు?" అని ఉండబట్టలేక అడిగాను.

"ఏడేళ్ళు నేర్పాడు. వెళ్ళేముందు చెప్పాలి కదా" అన్నారు.

గురువుగారి ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు, అన్నీ కట్టేసిన అట్టపెట్టెలే. ఆడవాళ్ళం వంటింట్లో కూర్చున్నాం, తలుపు తెరిచే ఉంది. ముందుగది కనిపిస్తూనే ఉంది. ముసలాయన చాలా చిన్న మనిషి, దూదిలాంటి గడ్డం, ఒక కన్ను పూర్తిగా మసకేసింది. వాళ్ళు వాళ్ళ ఇడ్డిష్ భాషలో మాట్లాడుకుంటుంటే, కిందావిడ ఎప్పటికప్పుడు నాకు ఇంగ్లీషులో చెప్పేది, నేను అత్తయ్య చెవిలో తెలుగులో చెప్పేదాన్ని.

కిందాయన కూర్చోలేదు. చుట్ట విప్పకముందే, నిలబడే చెప్పేశారు. "చివరి భాగంలో, కింద, పేరు రెండుసార్లు పడింది. ఇది చదవడానికి తేలేదు. పూడ్చేముందు మీకు చెప్పాలని తెచ్చాను."

ముసలాయన భూతద్దం తీసుకుని చర్మం మీదికి వంగాడు. కుడి నుంచి ఎడమకి, పై నుంచి కిందికి, ముక్కు ఆనించి చదువుతూనే ఉన్నాడు. చివరి వరసల దగ్గర అద్దం ఆగింది.

"నీ దగ్గర కత్తి లేదా?" అన్నాడు.

"ఉంది."

"పదును లేదా?"

"ఉంది. పదునుగానే ఉంది."

ముసలాయన భూతద్దాన్ని బల్ల మీద పెట్టి, తలెత్తి ఆయన్ని చూశాడు. ఏదో అన్నాడు. చాలాసేపు అన్నాడు. కిందావిడ అనువదించడం మానేసింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాను. "ఏమన్నాడు? ఏమంటున్నాడు? చెప్పరేం?" అత్తయ్య ఇటు నా చెంగు లాగుతోంది, "ఏవిటే? ఏవంటున్నాడు? ఒప్పుకోలేదా?" అని.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, ఒక్కో మాటే చెప్పింది. "నీ అక్షరాలు బాగున్నాయని నాకు మూడేళ్ళ నుంచీ తెలుసు అంటున్నాడు. మంచి అక్షరాలు రాసేవాళ్ళు చాలామంది వచ్చారు నా దగ్గరికి. పేరు దగ్గర తప్పు పడ్డ రోజున నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. అది చూడకుండా నీకు సరే అనలేను. అందుకే ఇన్నాళ్ళూ రాయి రాయి అని వెంటపడ్డాను అంటున్నాడు. నాకు చూపు పోతోంది, ఇక నీ అక్షరాలు దిద్దలేను, దిద్దక్కర్లేదు కూడా అంటున్నాడు." అక్కడ ఆవిడ ఆగి మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. మేమిద్దరం ఆవిడ మొహంలోకే చూస్తూ ఉన్నాం. "చర్మాన్ని తీసుకెళ్ళి మట్టిలో పెట్టు, నువ్వెళ్ళి బల్ల దగ్గర కూర్చో, అన్నాడు."

నేను అత్తయ్యకి చెప్పబోయాను. చెప్పక్కర్లేకపోయింది. ముందుగదిలో ఆ ముసలాయన లేచి, ఆ పొడుగాటి మనిషి మెడ అందక చొక్కా పట్టుకుని కిందికి లాగి, నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆడవాళ్ళం ముగ్గురం ఒక్కసారే మాట్లాడాం, ఎవరి భాషలో వాళ్ళం. ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలీదు. వెనక సీట్లో అత్తయ్యా, కిందావిడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చుకుంటూ నవ్వుకుంటూ ఉన్నారు. కిందాయన మాత్రం కిటికీలోంచి ఆకాశం వైపూ, వాచీ వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఆయన సీట్లో అటూ ఇటూ కదిలారు, మోకాలి మీద వేళ్ళు ఆడించారు. నేను జాగ్రత్తగా, నెమ్మదిగా, లైసెన్స్ పరీక్షలో నడిపినట్టు నడుపుతున్నాను.

చివరికి ఆయన ఆగలేకపోయారు.

"యంగ్ లేడీ, కాస్త తొందరగా పోనివ్వకూడదూ? వెలుతురు ఉండగా ఇంటికి చేరితే కొత్త చర్మం మీద గీతలు గీసుకోవచ్చు" అన్నారు.

నేను ఎడమ లేన్‌లోకి వెళ్ళి స్పీడు పెంచాను.